నాయనమ్మ పిక్కలు

విజయనగరంలో మా ఆఫీసు కింది మెస్‌లో ఎండు నెత్తళ్లు వేయించిన రోజున ఆ ఉప్పు వాసన మెట్లెక్కి నా టేబుల్ దాకా వస్తుంది. అప్పుడు నాకు సముద్రం కాదు, నాయనమ్మ పిక్కలు గుర్తొస్తాయి.

నల్లగా, రాయిలా ఉండే పిక్కలవి. పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరగానే కవ్వళ్లు, కానాగంతలు లాంటి చేపలు తట్టలో సర్ది, నెత్తిన చుట్టకుదురు పెట్టి దాని మీద నిలబెట్టుకుని నాలుగు ఊళ్లు తిరిగి అమ్మేది. వేసవిలో వేట ఆగిన రోజుల్లో అదే తట్టలో ఎండుచేపలు. తిరిగొచ్చాక ఆమె కాచే మామిడికాయ చేపల పులుసు వాసనకు గోళీలాట మధ్యలోనే లేచి పరిగెత్తేవాళ్లం.

ఏడో తరగతిలో రక్తప్రసరణ పాఠం వచ్చింది. గుండెకు నాలుగు గదులు, రక్తాన్ని బయటికి తీసుకెళ్లే ధమనులు, వెనక్కి తెచ్చే సిరలు. అన్నీ ఎర్ర, నీలి పెన్సిళ్లతో గీశాను. కాళ్లకు దిగిన రక్తం పైకెలా ఎక్కుతుందో చెప్పే పేరా మాత్రం వదిలేశాను. మొత్తం భారం గుండెదే అనుకుని, తట్ట మోస్తే నాయనమ్మ గుండె అరిగిపోతుందని ఇంట్లో ఏడ్చి గోల పెట్టాను. నాన్న తట్టను అటకెక్కించి, నాయనమ్మను అరుగు మీద కూర్చుని ఎండుచేపలు అమ్ముకోమన్నాడు.

నెల తిరక్కుండానే ఆమె పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండేది.

"ఏటిరా, నీ పుస్తకం నన్ను మంచానెక్కిస్తాదేటి?" అంది.

నాన్న ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నేనూ వెంటపడ్డాను.

ఆసుపత్రిలో డాక్టరు పరీక్షలన్నీ చూసి గుండె బాగుందన్నారు. నర్సు నాయనమ్మ పిక్క తట్టి చెప్పింది: "నడిసినప్పుడల్లా ఇది బిగిసి రక్తాన్ని పైకి తోస్తాది మామ్మా. సిరల్లో సిన్న తలుపులుంటాయి, మళ్లీ కిందకి రానివ్వవు. నువ్వు కూకుంటే తోసేదెవరు?"

నాయనమ్మ తన పిక్కను తడిమి చూసుకుంది. "మన గెడ్డ నీళ్లలో పెట్టే ఎదురుబుట్ట లాగన్నమాట. లోపలికెల్లిన సేప ఎనక్కి రాదు. ఒరే, ఈ ముక్క మీ బళ్లో సెప్పనేదేటి?"

"సెప్పారు. నేనే సదవలేదు."

"సదవనోడివి సెప్పడవెందుకురా!" అని నవ్వేసింది.

మర్నాడే తట్ట అటక దిగింది. సగం బరువుతో ఆమె ముందు, వెనక నేను; బిగిసి వదులవుతున్న ఆ పిక్కలనే చూస్తూ మొదటి ఊరి దాకా నడిచాను. కొన్నాళ్లకు వాపు దిగిపోయింది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ ఊళ్లకు చేపలు బండి మీద ఐసు పెట్టెలో వెళ్తున్నాయి. రోజంతా కుర్చీలో ఉండే నా కాళ్ల మీద సాయంత్రానికి సాక్సు గీతలు లోతుగా పడతాయి. నెత్తళ్ల వాసన వచ్చిన రోజున లిఫ్టు ఎక్కను. మెట్లు దిగుతుంటే నా పిక్కలు బిగుస్తాయి, వదులవుతాయి; ముందు నడిచే తట్ట మాత్రం కనిపించదు.