తడిసినా కనబడని బట్ట

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వర్షాకాలం. రాజమండ్రిలో ఒక బట్టల మిల్లులో షేడ్ మ్యాచింగ్ చూసేవాణ్ణి. అడిగిన రంగు బట్ట మీద సరిగ్గా వచ్చేదాకా అద్దకాన్ని సరిచేయడం ఆ పని. అప్పుడు అడవుల్లో తిరిగే జవాన్ల యూనిఫాం కోసం కొత్త బట్ట తయారు చేస్తున్నాం. ఒకప్పుడు ఒట్టి ముదురాకుపచ్చ ఉండేది. తర్వాత పెద్దపెద్ద మచ్చలు వచ్చాయి. మేము చిన్నచిన్న చదరాలు కలిపి, మనిషి ఆకారం కంటికి అందకుండా చేసే ప్యాటర్న్ వేశాం. మామూలు బట్ట తడిస్తే నల్లబడి మనిషిని పట్టిస్తుంది. మాది వానలో కూడా ఆకుల్లో కలిసిపోయేది. మారేడుమిల్లి అడవిలో ఫీల్డ్ ట్రయల్, అంటే మనుషులకు తొడిగించి చూసే పరీక్ష, జరిగినప్పుడు అధికారులు మెచ్చుకున్నారు. కొన్ని జతలు ఒక దళానికి ఇచ్చారు.

ఆ దళంలో నూకరాజు అనే జవాను, ఆ బట్ట ఒంటి మీద ఉండగానే, వానలో కాలుజారి లోయలో పడ్డాడు. నడుం విరిగింది. తోటివాళ్ళు మొదటిరోజే ఆ లోయ వాలంతా గాలించారు. శవం దొరికింది మాత్రం చాలా రోజులకు, వాళ్ళు నడిచిన దారి పక్కనే, ఒక పొద మొదట్లో. పడ్డాక కొంతకాలం బతికే ఉన్నాడని పోస్టుమార్టంలో తేలింది.

కొన్నాళ్ళకు అతని తండ్రి సత్తియ్య గారు మిల్లుకు వచ్చారు. ఉప్పాడ దగ్గర చేపలవేట ఆయన బతుకు. నిందించడానికి రాలేదు. వెతకడానికి తననూ తీసుకెళ్ళమని బతిమాలితే వద్దన్నారట. కన్నవాడి కళ్ళకైతే కనబడేవాడేమో అన్న ఆలోచన ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు.

"ఆ బట్ట ఏసుకుని ఓసారి చెట్లలో కూకోండి బాబూ. నేను ఎతుక్కుంటాను," అన్నారు.

కాదనలేకపోయాను. అనుమతి తీసుకుని, మా దగ్గర మిగిలిన జతతో ఆయన్ని మారేడుమిల్లి తీసుకెళ్ళాను. సన్నగా వాన పడుతోంది. ఆయన్ని వెనక్కి తిరిగి నిలబడమని, యూనిఫాం తొడుక్కుని పొదల మధ్య కూర్చున్నాను. కాస్త కదిలితే చాలు, చూసేస్తారు. చూస్తే మాత్రం, తాను వెళ్ళి ఉంటే కొడుకు బతికేవాడన్న బాధ జీవితాంతం పీక్కుతింటుంది. కనబడకపోవడమే ఆయనకు మేలనుకుని ఊపిరి బిగబట్టాను.

ఆయన నెమ్మదిగా వచ్చారు. ప్రతి పొద దగ్గరా వంగి చూశారు. నా వైపూ చూశారు. ఆ చూపు నా మీంచి జారి పక్క చెట్టుకు పోయింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో నన్ను దాటి వెళ్ళారు. కాసేపటికి "నూకరాజూ" అని పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఇక ఉండలేక లేచి నిలబడ్డాను.

నన్నూ, నేను కూర్చున్న చోటునూ ఆయన చాలాసేపు చూశారు.

"మీకు నేను కనబడ్డానా అండి?"

"కనబడ్డారండి," అన్నాను.

"దాటెల్లిపోయేదాకా?"

తలూపాను.

"అయితే మావోడూ ఆళ్ళని చూసే ఉంటాడండి. పిలవడానికి నోరు రాలేదంతే."

ఊరట కలుగుతుందని ఆయన్ని అక్కడికి తీసుకొచ్చింది నేనే. ఆయన ఆ తడి ఆకుల మీదే కూలబడ్డారు. తిరిగి వచ్చాక రాజమండ్రిలో కాకినాడ బస్సు ఎక్కించాను. మళ్ళీ రాలేదు.

కాలరు లోపల నారింజ రంగు పట్టీ ఒకటి కుట్టమని, దెబ్బ తగిలినవాడు దాన్ని బయటికి తిప్పుకుంటే కనబడతాడని పైవాళ్ళకు చెప్పాను. దాచడానికి వేసే బట్టలో ఆ రంగెందుకన్నారు. నడుం విరిగినవాడికి దాన్ని తిప్పుకునే ఓపిక ఉండేదో లేదో నాకూ తెలియదు. రెండోసారి అడిగినా ఒప్పుకోలేదు. బట్ట ఉన్నదున్నట్టే ఖరారైంది.

మనిషిని కనబడకుండా చేయడం ఎంతో శ్రద్ధగా నేర్చుకున్నాం. అతను తనవాళ్ళకు దొరకాల్సిన రోజు కూడా వస్తుందన్న సంగతి మా పరీక్షల్లో ఎక్కడా లేదు. నాకు ఆ పాఠం నేర్పినవాడు నూకరాజు. దాంతో ఏం చేయాలో మాత్రం ఇప్పటికీ తెలియడం లేదు. ఆ తానులు ఈరోజుకీ నా చేతి మీదుగానే కుట్టుకు వెళుతున్నాయి.