రేణుకకు నేను దిద్దని తప్పులు

పదకొండేళ్లుగా కక్కలేక మింగలేక ఉన్న మాట ఇది. నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే మీదాకా రావలసిన పని లేదు, నేరుగా రేణుక దగ్గరికే వెళ్లేదాన్ని.

ఆదిలాబాద్‌లో, టీచర్లు కాబోయేవాళ్లకు ఇంగ్లీషు ఎలా నేర్పాలో చెప్పే ఉద్యోగం నాది. నవ్వుకోండి. పేరు ముందు డాక్టర్ అని కూడా ఉంటుంది. మరమగ్గాల మీద బతికిన ఇల్లు మాది. ఉన్నన్నాళ్లూ మా బాపు ఆ నేమ్‌ప్లేటును పొద్దున్నే తువ్వాలతో తుడిచేవాడు. ఆ డాక్టర్ అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో ఆయనకు తెలియదు.

పరాయి భాష నేర్చుకునేవాళ్లలో కొందరి తప్పులు ఒక దశ దగ్గర గట్టిపడిపోతాయి. ఆ తర్వాత ఎన్నేళ్లు మాట్లాడినా అవే తప్పులు. అవి ఎలా గట్టిపడతాయన్నదే నా పరిశోధన. అందుకోసం ఒకే మనిషి మాటల్ని ఏడాదిన్నర పాటు వారం వారం రికార్డు చేయాలి. మధ్యలో ఒక్క తప్పూ దిద్దకూడదు. దిద్దితే పరిశోధన చెడుతుంది. "ఆమెకు అంతా చెప్పి, ఒప్పుకుంటేనే మొదలుపెట్టు" అని మా గైడ్ రెండుసార్లు హెచ్చరించారు. కాబట్టి పాపాన్ని ఆయన మీదికి తోయడానికి కూడా నాకు వీల్లేదు.

రేణుకది సుల్తానాబాద్. అప్పట్లో నేనూ అక్కడే అద్దెకు ఉండేదాన్ని. భర్త దుబాయిలో కట్టడం మీది నుంచి పడి, నడుము పోయి, తిరిగొచ్చి మంచానికి అతుక్కుపోయాడు. ఇద్దరు పిల్లలు. ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేస్తూ, నర్సుల మాటలు వినీ వినీ కాస్త ఇంగ్లీషు పట్టుకుంది. గల్ఫ్‌లో ఏదైనా ఆసుపత్రిలో పని దొరికితే సంసారం నిలబడుతుంది. దానికి ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడాలి. నేను నేర్పుతానన్నాను. మళ్లీ చెబుతున్నాను, పరిశోధన అనలేదు, నేర్పుతాననే అన్నాను. అనుమతి పత్రం ఇంగ్లీషులో ఉంది. ఆమెకు చదవడం రాదని నాకు తెలుసు. స్కూల్లో చేరేటప్పుడు రాసే కాగితం లాంటిదేనన్నాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఇంగ్లీషులోనే సంతకం చేసి, బాగుందా అన్నట్టు నవ్వింది.

ప్రతి ఆదివారం డ్యూటీ దిగి వచ్చేది. డబ్బాలో సర్వపిండి తెచ్చేది. నేను బల్ల మీద ఫోన్ పెట్టి రికార్డింగు నొక్కి, ఏదో ఒకటి అడిగేదాన్ని. ఆమె మాట్లాడేది. నేను తలూపేదాన్ని. పాత తప్పే మళ్లీ చేస్తే నాకు లోపల పండగ. ఒకసారి తన తప్పు తానే పట్టుకుని ఆగిపోయింది, ఏది సరైనదో చెప్పమన్నట్టు నా ముఖంలోకి చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. మరుసటి వారం మళ్లీ పాత దారిలోనే పడింది. హమ్మయ్య అనుకున్నాను. అవును, హమ్మయ్య అనే అనుకున్నాను.

యూనివర్సిటీలో చేరిన కొత్తలో నా ఇంగ్లీషు విని క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఎంత కాలుస్తుందో తెలిసినదాన్ని. తెలిసి కూడా ఎలా చేశాను? లేక తెలిసినందుకే చేశానా? నవ్విన వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలన్న కసి, ఆ కసి తీరడానికి నాకన్నా తక్కువ వచ్చిన మనిషి ఒకతె కావలసి రావడం, ఆ మనిషి అడక్కుండానే నా గడపలోకి రావడం, ఇదంతా పరిశోధన అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత చక్కటి పేరు.

ఇంటర్వ్యూ ముందటి ఆదివారం, తన ఇంగ్లీషు మంచిగనే ఉన్నదా అని అడిగింది. నాకు ఇంకా మూడు రికార్డింగులు కావాలి. మంచిగనే ఉందన్నాను.

కరీంనగర్‌లో ఇంటర్వ్యూ అయ్యాక, ఆదివారం ఎప్పటిలాగే వచ్చింది. డబ్బా కూడా తెచ్చింది.

"నవ్విండ్రు మేడం. నేను అన్నదే మళ్ల అనుకుంట ఇద్దరికిద్దరు నవ్విండ్రు. ఇగ పో అన్నరు."

"ఇంకోసారి చూద్దువులే రేణుకా."

"ఇంకేం చూసుడు మేడం. ఒక్క పైస తీసుకోకుంట ఏడాదిన్నర సంది ఎంత ఓపికతోని చెప్పిండ్రు. గీ మొద్దు తలకాయకే ఎక్కలే. నాకే బుర్ర లేదు. మీకు మాట తెచ్చిన, ఏమనుకోకుర్రి."

అప్పుడైనా చెప్పవలసింది. బల్ల మీద ఫోన్ రికార్డు చేస్తూనే ఉంది. చూశాను. ఆపలేదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, చివరి అధ్యాయానికి ఇది పనికొస్తుందన్న ఆలోచన వచ్చింది. పనికొచ్చింది. నేర్చుకునే మనిషి తన గురించి తాను ఏమనుకుంటుందో ఎంత బాగా పట్టుకున్నారని పరీక్షకులు మెచ్చుకున్నారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ ఏడాదే రేణుక ఇండ్లల్లో పనికి మస్కట్ వెళ్లిపోయింది. పోయేముందు కూతురితో "నా లెక్క మొద్దుదానివి కాకు బిడ్డా" అన్నదని రేణుక తల్లే నాకు చెప్పింది. చెప్పి, నేను చేసిన సాయానికి దండం పెట్టింది.

ఫోన్ నంబరు దొరకక కాదు. చేస్తే సంతోషపడుతుంది, మేడం యాది పెట్టుకున్నదని పొంగిపోతుంది. దాన్నే నేను తట్టుకోలేను. పిరికిదాన్ని. క్షమించమని మిమ్మల్ని అడిగి లాభం లేదు, మీకు నేనేం చేశానని? ఇదంతా రాసినందుకు ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ కొంచెం కూడా నాకు దక్కవలసింది కాదేమో. అయినా ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు, ఉన్నదున్నట్టు చెప్పనివ్వండి. రేణుకకు బుర్ర లేక కాదు. నేను ఆమెకు ఏమీ నేర్పలేదు.