డాక్టర్ టుఫువో చదవని సిఫారసు ఉత్తరం

మా కుమాసి పట్నం కుర్రాళ్లకు ఫుట్‌బాల్ జట్లు కొట్టిన గోల్స్ ఎలా నోటికొచ్చో, అంపోఫోకు అమెరికా కళాశాలలు వద్దన్నవాళ్ల లెక్కలు అలా నోటికొచ్చు. చదువు మధ్యలో ఏ కళాశాలకు ఎంతమంది బదిలీ అడిగారు, ఎంతమందిని తీసుకున్నారు, వాళ్లలో బయటి దేశాలవాళ్లెందరు, ఆ బయటివాళ్లలో చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లెందరు? అడిగితే చాలు, నోటిదాకా వెళ్లిన ముద్ద ఆపి మరీ చెప్పేవాడు. చివరి అంకె ఎప్పుడూ ఒకటో సున్నానో అయ్యేది. తనకు సీటొచ్చే అవకాశం నూటికెంతో రోజూ లెక్కకట్టుకుంటాడని హాస్టల్లో అతనికి ‘శాతం’ అని పేరు పెట్టారు.

“ఒరే శాతం, ఇవాళ నీ జాతకం ఎంత?”

“ఒకటింబావు.”

“మొన్న ఒకటిన్నర అన్నావుగా?”

“కొత్త లెక్కలు వచ్చాయి.”

“అయ్యో. చిక్కిపోయావురా, సరిగ్గా తిను.”

అతనిది చర్చివాళ్లు నడిపే చిన్న కళాశాల. గణితం చదవాలని అతని కోరిక. అక్కడ గణితంలో పట్టా లేదు. వ్యాపార నిర్వహణలో కలిపి ఇచ్చే రెండు గణితం పేపర్లు ఉన్నాయి. ఆ రెండూ చెప్పేది డాక్టర్ టుఫువో. ఆయనే హాస్టల్ వార్డెను, ఆయనే గాయకబృందానికి పెద్ద, ఆయనే కళాశాల బస్సుకు డీజిల్ కొట్టించేది కూడా. ఇన్ని పనుల మధ్య ఎప్పటివో పసుపెక్కిన కాగితాలు తెచ్చి, వాటిలో ఉన్నది బోర్డు మీదికి ఎక్కించి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు ఆయన ఒక నిరూపణ రాస్తుంటే మూడో వరుసలో తప్పు దొర్లడం అంపోఫో చూశాడు. చెయ్యి ఎత్తలేదు. నలభైమంది ముందు పెద్దవాడి తప్పు పెద్దవాడికే చెప్పడం మా వైపు చదువు అనిపించుకోదు, పెంపకం లేకపోవడం అనిపించుకుంటుంది. నోటుబుక్కులో ఆ వరుస కింద గీత గీసి మూసేశాడు. తరవాత ఏడాదంతా ఆ వరుస అతన్ని పంటిలో ఇరుక్కున్న మాంసం పీచులా బాధపెట్టింది.

విదేశీ బదిలీ విద్యార్థికి ఖర్చంతా తామే పెట్టుకునే మంచి కళాశాలలు, వెతగ్గా వెతగ్గా ఐదు తేలాయి. ప్రతిదానికీ పాఠం చెప్పిన గురువు సిఫారసు కావాలి. అంపోఫో వెళ్లి అడిగితే డాక్టర్ టుఫువో అందరికీ చెప్పేదే చెప్పాడు:

“నువ్వే రాసి పట్రా. సంతకం పెడతాను.”

మంచివాడు కాబట్టి అలా అన్నాడు. ఆయన దగ్గర వారానికి పదిమంది ఉత్తరాలు రాసి తెస్తారు. అందరూ ఒకే మాటలు రాస్తారు: వినయవంతుడు, విధేయుడు, ఆదివారం ప్రార్థన మానడు. కానీ అంపోఫో చాలా చదివాడు, ఎవరూ చెప్పకుండానే చదివాడు. విధేయుడంటే అమెరికావాళ్లకు ఆవులింత వస్తుందని, ఎదురు చెప్పేవాడే వాళ్లకు కావాలని అతనికి తెలుసు. అందుకని ఉత్తరంలో ఇలా రాశాడు: ‘తరగతి నిండా విద్యార్థులుండగా ఈ అబ్బాయి లేచి నా నిరూపణలో తప్పు చూపించాడు. ఆ రోజు అతని దగ్గర నేను నేర్చుకున్నాను.’ డాక్టర్ టుఫువో డీజిల్ రసీదు మీద ఒకటి, దీని మీద ఒకటి సంతకం పెట్టి ఇచ్చేశాడు.

నాలుగు కళాశాలలు వద్దన్నాయి. ఐదోది ముఖాముఖికి పిలిచింది. శనివారం, మా వైపు మధ్యాహ్నం రెండింటికి, ఫోను వీడియోలో.

శనివారం అంటే మా వైపు చావుల రోజు. ఆ శనివారమే ఎజిసులో అంపోఫో వాళ్ల అమ్మమ్మ తమ్ముడి అంత్యక్రియలు. ఆయన కుటుంబానికి పెద్ద. రానివాడి పేరు మరో ముప్పై ఏళ్లు గుర్తుంచుకుంటారు. వాడు చచ్చినప్పుడు ఎవరూ రారు. అంపోఫో నల్లబట్ట కట్టుకుని వెళ్లాడు. రెండు కావస్తుండగా పందిరి వెనకున్న ప్రాథమిక పాఠశాల సామానుగదిలో దూరి, నల్లబట్ట మీదే చొక్కా తొడుక్కుని, ఫోను సుద్దముక్కల పెట్టెకు ఆనించాడు. బయట మైకులో చావింటికి ఎవరెంత చదివించారో గొంతు చించుకుని చెబుతున్నారు.

ఫోన్లో డెబ్రా అనే ప్రవేశాల అధికారి కనిపించి నవ్వింది. “నీ గురించి చెప్పు.”

నలభైసార్లు అద్దం ముందు చెప్పుకున్న మాటే. “నాకు గణితంలో అసాధారణమైన ప్రతిభ ఉంది. సొంతంగా...”

“ఛీ ఛీ!”

తలుపులో ఒచెరె మావయ్య. సుయామేలో లారీ విడిభాగాలు అమ్ముతాడు. ఇంటి తరఫున మాట్లాడవలసిన చోటల్లా ఆయనే మాట్లాడతాడు. ఆయన వెళ్లి అడిగిన పిల్లను చివరికి ఇవ్వనివాళ్లు లేరు. పలకరింపులకు కనబడని మేనల్లుడిని వెతుక్కుంటూ వచ్చాడు.

“ఎవరి ముందురా నిన్ను నువ్వే పొగుడుకుంటున్నావు? నీకు మనుషులు లేరనుకోదూ ఆవిడ?”

“మావయ్యా, ఇది ఇంటర్వ్యూ. నేనే చెప్పుకోవాలి.”

“సంబంధానికెళ్లి, నా అంత అందగాడు లేడని పెళ్లికొడుకే చెప్పుకుంటాడా? జరుగు!”

అతన్ని జరిపి కూర్చుని, వచ్చినవాళ్లకు ముందు నీళ్లిచ్చి తరవాత పని అడిగే మా వైపు మర్యాద ప్రకారం, నడుం దగ్గరనుంచి నీళ్ల ప్యాకెట్ తీసి ఫోను ముందు పెట్టాడు. ఆయన ఇంగ్లీషు గ్యారేజీల్లో నేర్చినది. ఎక్కడా బ్రేకు పడదు. “అమ్మా, దాహం తీర్చుకోండి. మా దగ్గర ఒక్క చావు తప్ప అంతా చల్లగానే ఉంది. మీరు ఏ పని మీద వచ్చారో సెలవివ్వండి.”

వచ్చింది తాను కాదని, అడిగింది అంపోఫో అని డెబ్రా చెప్పబోయి, ఎందుకో ఆగింది. “అంపోఫో గురించి తెలుసుకుందామని వచ్చాను.”

“మంచి పని మీద వచ్చారు,” అన్నాడు మావయ్య. అంపోఫో కళ్లు మూసుకున్నాడు. ఒకటింబావు కాస్తా ఒకటి అయింది.

“ఇతని అధ్యాపకుడి ఉత్తరం నాకు బాగా నచ్చింది,” అంది డెబ్రా. “గురువు తప్పును అందరి ముందు చూపించిన ఆ సంఘటన...”

“ఎవరు, మా టుఫువోగారా? బయటే ఉన్నాడు!” మావయ్య కిటికీలోంచి కేక పెట్టాడు. “డాక్టర్! ఇలా రండి, అమెరికా నుంచి మీకోసం వచ్చారు!”

టుఫువో సొంతూరు ఎజిసే అన్న సంగతి అంపోఫో శాతాల్లో ఎక్కడా లేదు. ఒకటి సున్నా అయింది.

డాక్టర్ చేతిలో మాల్ట్ కూల్‌డ్రింకు సీసాతో వచ్చాడు. డెబ్రా ఆయనకు ఆయన ఉత్తరాన్నే చదివి వినిపించింది. మొదటి రెండు వాక్యాలకు తల ఊపాడు. మూడోదానికి సీసా కిందపెట్టాడు. ఇంగ్లీషు వదిలేసి, ఇంటి భాషలో, తనవైపు చూడకుండా చూస్తున్న శిష్యుడితో అన్నాడు:

“వెధవా! నా సంతకంతో నన్నే వెధవను చేశావా?”

మా వైపు పెద్దమనిషి మాట నేరుగా పరాయివాళ్ల చెవిలో పడకూడదు. మధ్యలో ఒకరు అందుకుని, ముళ్లు ఏరేసి, అందించాలి. ఒచెరె మావయ్యకు అది ఊపిరి పీల్చడంతో సమానం.

“ఈ అబ్బాయిని తలుచుకుంటే డాక్టరుగారికి మాటలు రావడం లేదట అమ్మా.”

“నేనెప్పుడురా తప్పు చేసింది? నువ్వెప్పుడురా లేచింది? అబద్ధమని ఆమెతో ఇప్పుడే చెబుతాను!”

“ఆ రోజు ఎన్నటికీ మరచిపోనంటున్నారు.”

“ఒచెరే, నువ్వు నోరు ముయ్!”

“నన్ను కూడా ఎంతో గౌరవిస్తారు,” అన్నాడు మావయ్య. డెబ్రా పెదవి కొరుక్కుంది. భాష రాకపోయినా మొహాలు కనబడుతూనే ఉన్నాయి.

ఇక పోయేదేమీ లేదు. లేనివాడికి వచ్చే ధైర్యం ఒకటుంటుంది, అది అంపోఫోకు వచ్చింది. లేచి నిలబడ్డాడు, చొక్కా కింద నల్లబట్ట డెబ్రాకు పూర్తిగా కనిపించింది.

“నేను లేవలేదు సార్. అది అబద్ధమే. కానీ తప్పు మాత్రం నిజం. మూడో వరుసలో రెండు వైపులా మీరు భాగించిన సంఖ్య సున్నా కావచ్చు.”

బయట మైకు ఎవరో బావమరిది పేరు రెండుసార్లు చదివింది. డాక్టర్ టుఫువో సుద్దముక్క తీసుకుని గోడమీద మొదటి వరుస రాశాడు. రెండోది రాశాడు. మూడోది సగంలో ఆపి చాలాసేపు చూశాడు.

“పదకొండేళ్లుగా ఇదే రాస్తున్నాను,” అన్నాడు ఎవరితోనో. తరవాత ఫోను వైపు తిరిగి, మధ్యవర్తి లేకుండా, ఇంగ్లీషులో చెప్పాడు: “మేడం, ఆ ఉత్తరం వాడే రాశాడు. నేను చదవకుండా సంతకం పెట్టాను. వాడు నా తప్పు చూపించింది ఆ రోజు కాదు, ఈ రోజు. మిగతాదంతా నిజమే. కొంచెం తగ్గించే రాశాడు.”

డెబ్రా రాసుకోవడం ఆపి చాలాసేపు నవ్వింది. ఇన్నేళ్లలో ఇలాంటి ముఖాముఖి చూడలేదని, అంతా ఉన్నదున్నట్టు పైవాళ్లకు రాస్తానని అంది. ఆ సాయంత్రం అంపోఫో తన జాతకాన్ని నాలుగు శాతానికి పెంచుకున్నాడు. జీవితంలో అంత పొగరుగా ఎప్పుడూ లేడు.

మే నెలలో జవాబు వచ్చింది. పద్నాలుగు వందలమందిలో తొమ్మిదిమందిని తీసుకున్నారు. బయటి దేశాలవాడు ఒక్కడూ లేడు. డెబ్రా మాట ఎంతవరకు వెళ్లిందో, ఏ మెట్టు మీద ఆగిందో ఉత్తరంలో లేదు. ‘మీ ప్రతిభ మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది’ అని ఉంది. అదే మాట అంతకుముందు వద్దన్న నాలుగు ఉత్తరాల్లోనూ ఉంది.

అంపోఫో ఫోన్లో వచ్చిన ఆ జవాబును మావయ్య కొట్టుకు తీసుకెళ్లి చదివి వినిపించాడు. మావయ్య చేతిలోని గేరు పళ్లు తుడుస్తూ, ఏమీ బాధపడకుండా విన్నాడు.

“మొదటిసారి ఎవడు ఒప్పుకుంటాడ్రా? మీ అత్త వాళ్లు నన్ను మూడుసార్లు తిప్పి పంపారు. ఈసారి సంబంధానికి పట్టుకెళ్లినట్టు ఒక సారా సీసా పట్టుకెళ్దాం. కింద సంతకం ఎవరిది? ఆయనతో మాట్లాడతాను.”

“మనిషి పెట్టింది కాదు మావయ్యా. కంప్యూటర్ పెట్టింది. దీనికి తిరిగి రాస్తే ఎవరికీ అందదని కూడా రాశారు.”

ఒచెరె మావయ్య గేరు పక్కన పెట్టేశాడు. వద్దన్నవాడి ఎదుట కూర్చునే వీలే లేకపోవడం ఆయనకు తెలిసిన లోకంలో లేదు. ఫోను అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి ఇచ్చేశాడు.

“అడగడానికి మనిషి లేనిచోట నీకేం పనిరా?” అన్నాడు చివరికి.

“జనవరిలో చేర్చుకునేవి ఇంకో రెండు కొత్తగా దొరికాయి మావయ్యా. గడువు అక్టోబరు.”

“జాతకం ఎంత?”

“ముప్పావు.”

మావయ్య మూలనున్న స్టూలు కాలితో అతని వైపు తోశాడు. “కూర్చో. మొదటినుంచి చెప్పు. వాళ్లింట్లో పెద్దెవరు?”