ఐమూల కత్తిరింపు

పొన్నూరు దగ్గర మా ఊళ్ళో, మా ఎదురింటి పిన్నిగారు జాకెట్లు కుట్టేవారు. నేను ఆవిడ దగ్గరే కుట్టు నేర్చుకున్నాను. గుడ్డ చేతికి రాగానే దాన్ని ఐమూలగా పట్టుకుని ఒకసారి లాగి వదిలేవారు. "చూడవే, ఇలా కత్తిరిస్తే గుడ్డ ఒంటితో పాటు సాగుతుంది. ఊపిరాడుతుంది" అనేవారు.

ఊళ్ళో అందరూ దాన్ని క్రాస్ కట్ అనేవారు. ఎప్పుడో ఫ్రాన్సులో బట్టలు కుట్టిన ఒకావిడ దాన్ని వాడుకలోకి తెచ్చిందని పిన్నిగారు పాత వారపత్రికలో చదివారట. ఆడవాళ్ళ నడుముల్ని బిగించే కట్లు ఆవిడే విప్పించిందని చెబుతుంటే పిన్నిగారి గొంతు మెత్తబడేది. తను మాత్రం గుమ్మం దాటాలంటే బాబాయిగారు ఊఁ అనాలి.

రెండువేల సంవత్సరం ప్రాంతంలో, మిరపకోతలు అయిపోయాక, గుంటూరు నుంచి కుట్టు శిక్షణ కేంద్రం వాళ్ళొచ్చారు. కటింగ్ నేర్పడానికి పిన్నిగారిని రమ్మన్నారు. ఆవిడ నోరు తెరిచేలోపే బాబాయిగారు, "మా ఇంట్లో ఆడోళ్ళు ఉద్యోగాలకి రారండి" అనేశారు.

పిన్నిగారు నన్ను ముందుకు తోశారు. "అయితే ఈ పిల్లని తీసుకెళ్ళండి. నాకొచ్చిందంతా దీనికొచ్చు."

గుంటూరులో చేరిన నెల తర్వాత నేను ఊరికొస్తే ఆవిడ ఒక్కటే అడిగారు.

"అక్కడ కటింగ్ బల్ల ఎంత పొడుగుంటుందే?"

"పది అడుగులుంటుంది పిన్నిగారూ."

ఆవిడ ఎప్పుడూ నేల మీదే పరిచి కత్తిరించేవారు. లేచి, కిటికీ దగ్గర్నుంచి పాదం ముందు పాదం ఆనించి అడుగులు లెక్కపెట్టారు. ఎనిమిది దగ్గర గోడ వచ్చింది. దాని మీద చెయ్యి ఆనించి, "ఇంకో రెండడుగులు కావాలే" అన్నారు.