ఎడమ ఇంజను బద్ధకం

నేను కట్టిన, రిమోట్‌తో నడిచే రెండు ఇంజన్ల బుల్లి విమానం ఈ రోజు ఎట్టకేలకు ఎగిరింది. గజపతినగరం దగ్గర కోత అయిపోయిన మడిలో పొద్దున్నే మూడుసార్లు పరుగు తీయించాను. మూడుసార్లూ ఎడమకు తిరిగి గట్టును గుద్దుకుంది. ప్రొపెల్లర్లు మార్చినా లాభం లేకపోయింది.

పక్కన తన చోడి, అంటే రాగి, చేనుకు కాపలా ఉన్న సూరమ్మత్త ఉండబట్టలేక వచ్చింది.

“ఒరే బాబూ, ఎడంపక్కది ఆలీసంగా అరుస్తన్నాది. ఒకెద్దు ముందు లాగీసి, రెండోది నిలబడిపోతే నాగలి తిరిగిపోదేటి?”

నిజమే! ఒక్కో ఇంజను వేగం పెంచడానికి సర్వో అనే చిన్న మోటారు ఉంటుంది. కొత్త జత కొని కూడా, ఒకటి దాచుకుని, ఎడమకు పాతది బిగించాను. అది నెమ్మది. తీసేసి కొత్తది పెట్టి, రెండు సర్వోల నుంచి ఇంజన్లకు వెళ్లే కడ్డీలనూ ఒకే కొలతకు సరిచేశాను. నాలుగోసారి విమానం తిన్నగా పరిగెత్తి గాల్లోకి లేచింది. నలభై ఏళ్ల మనిషినని మరిచి కేక పెట్టాను.

“అరుపులు సాల్లే గానీ, మా సేను మీద నాలుగు సుట్లు తిప్పు,” అంది అత్త.

తిప్పాను. గింజలు తింటున్న పిట్టలన్నీ పారిపోయాయి.

“రేపెన్నింటికొస్తావు?” అని అడిగింది.

సెలవు పెట్టమంటారా, మీరే చెప్పండి!