పాత ల్యాప్‌టాప్‌కి మూడు డిస్కులు

మా ఆయన గొంతు ఆపరేషన్లో పోయింది. బొంగురుపోవడం కాదు, మాట పుట్టే చోటునే కోసి తీసేశారు, ప్రాణం నిలబెట్టడానికి. మెడ ముందు చిన్న కన్నం, దాని మీద తెల్లటి పల్చని గుడ్డ. ఇంటికి తీసుకొచ్చిన రోజు నేను వంటింట్లోంచి "కాఫీ కలపనా?" అని కేకేశాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. పలకరు. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఏమండీ, మిమ్మల్నే! చెవుల్లో దూదేమైనా పెట్టుకున్నారా?" అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది. స్టవ్ కట్టేసి గట్టు కిందే కూలబడ్డాను.

ఇప్పుడాయన లేరు. ఈ ఇంట్లో నేనూ మా అత్తయ్యగారూ ఉన్నాం. ఆవిడకి చూపు ఆనదు, నాకు నోరు ఆగదు. అలా గడుస్తోంది.

ఆయనది రామచంద్రపురంలో డీటీపీ పని. మా చుట్టుపక్కల పెళ్ళంటే శుభలేఖ ఆయన వేళ్ళ కిందనుంచి రావాల్సిందే, పెద్దకర్మ కార్డయినా అంతే. కుర్రతనంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న తెలుగు కీబోర్డు ఆయనది. ఏ అక్షరం ఎక్కడుందో ఆయన కళ్ళు వెతుక్కునేవి కాదు, వేళ్ళకే తెలుసు. ఆపరేషన్‌కి ముందు నుంచే చెయ్యి వణుకు పట్టుకుంది. కలం ఇస్తే కోడిగీతలు. ఫోన్లో రాయమంటే ఒకటి నొక్కబోతే మూడు పడేవి. ఓసారి విసుగొచ్చి దాన్ని మంచం మీదికి గిరాటేశారు. కానీ ఆ పాత ల్యాప్‌టాప్ మీద చేతులు ఆనించి పెడితే మాత్రం వణుకు సగం తగ్గేది. షాపు అమ్మేసినప్పుడు మిగుల్చుకున్నది అదొక్కటే.

ఇంక దాంతోనే మాట్లాడేవారు. అక్షరాలు పెద్దవి చేసి, తెర నావైపు తిప్పి, బల్ల మీద వేలితో టకటకా కొట్టేవారు. చదవమని. అత్తయ్యగారి కోసం నేను పైకి చదివేదాన్ని. ఓ రోజు పొద్దున్నే తిప్పారు కదా, "ఉప్మాలో ఉప్పు లేదు. పోయింది గొంతే. నాలుక ఉంది." అని ఉంది. నేను నవ్వలేక చచ్చాను. చెప్పొద్దూ, నోరున్నన్నాళ్ళూ ముక్తసరిగా మాట్లాడిన మనిషి, నోరు పోయాక కబుర్లపోగయ్యారు. అన్నేళ్ళు కార్డులు కూర్చిన చెయ్యి కదా, "ఊ" అన్నా సరే, ఫుల్‌స్టాప్ పెట్టనిదే తెర తిప్పేవారు కాదు.

అలాంటిది ఓ పొద్దున నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. మెయిన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన, మా ఆయనకి పాత స్నేహితుడు. ఫోన్ చేస్తే స్కూటర్ మీద వచ్చేశాడు. చూసి తల గోక్కున్నాడు.

"హార్డ్ డిస్క్ పోబోతోందండి వదినగారూ. కొత్తది వేస్తాను, అది పెద్ద పని కాదు. కానీ ఇందులో ఉన్న విండోస్ పాతది. కొత్త విండోస్‌ని ఈ మిషను మొయ్యలేదు. మోసినా అన్నయ్యగారి తెలుగు సాఫ్ట్‌వేర్ అందులో నడవదు."

"మరి ఆ పాతదే వెయ్యండి."

"అదేనండి వచ్చిన చిక్కు. వీటికి కంపెనీవాళ్ళు విడిగా డిస్క్ ఇవ్వలేదు. లోపలే ఓ మూల దాచిపెట్టి, మీరే ఖాళీ డీవీడీల మీదికి దించుకోండి అన్నారు. రికవరీ డిస్క్ అంటారు. కొన్నప్పుడే చేసుకోవాలి. ఎవరు చేసుకుంటారండి! ఇది పూర్తిగా చచ్చేలోగా ఇప్పుడైనా చేసుకోవాలి. నేను షాపుకి పట్టుకెళితే ఆ కుదుపులకే పోవచ్చు. కదపకుండా ఇక్కడే చెయ్యండి, అన్నయ్యగారికి తెలుసు ఎలాగో. డిస్కులు దొరికేదాకా మాత్రం ఆన్ చెయ్యకండి."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోడ వంక చూశారు. కొన్న రోజు నుంచీ డిస్క్ చేసుకో, డిస్క్ చేసుకో అని అది మొత్తుకుంటే, ఈయన "తర్వాత" అని నొక్కేస్తూ వచ్చారట. "మా బాగా చేశారు!" అన్నాను. ఇంకా చాలా అనేదాన్నే. తిరిగి అనడానికి ఆయన దగ్గర ఏమీ లేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఖాళీ డీవీడీ కోసం నేను తిరగని కొట్టు లేదు. "అవెక్కడివమ్మా ఇప్పుడు, అందరూ పెన్ డ్రైవే కదా" అని ఒకడు, "ఏం సినిమా అండీ?" అని ఇంకొకడు. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఈలోగా కాకినాడ ఆసుపత్రిలో చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. వెళ్ళాం. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందన్నారు. సోమవారం నుంచి మళ్ళీ కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలన్నారు. డాక్టరుగారు మంచాయన, నాతో చెప్పి ఊరుకోకుండా ఆయనవైపు తిరిగి, "మీరేమంటారండి?" అని అడిగారు. ఆయన నా వంక చూశారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. నేనే "సరేనండి" అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నాట్లు పడ్డ చేలు, కాలవ గట్టున కొబ్బరి చెట్లు, ఆయన ఏమీ చూడలేదు. మోకాళ్ళ మీద వేళ్ళు ఆడిస్తున్నారు. మొదట వణుకనుకున్నాను. కాదు. టైపు చేస్తున్నారు. బస్సు రామచంద్రపురం చేరేదాకా, ఆపకుండా. ఏ వేలు ఏ అక్షరమో నాకేం తెలుసు? ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ కీబోర్డు నేర్చుకోలేదు నేను. పక్కనే కూర్చుని, మనిషి అంతసేపు మాట్లాడుతుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ వేళ నేను పడ్డ బాధ ఆపరేషన్ రోజు కూడా పడలేదు.

చివరికి డిస్కులు ఓ ఫొటో స్టూడియోలో దొరికాయి. ఒకప్పుడు పెళ్ళి వీడియోలు వాటి మీదే ఇచ్చేవారు కదా. ఆ స్టూడియో ఆయన అటకెక్కి, దుమ్ము దులిపి మూడు తీసిచ్చాడు. సరిగ్గా అన్నే కావాలి. ఇంటికి తెచ్చి, మర్నాడు చేద్దామని బల్ల మీద పెట్టాను.

పొద్దున ఆయన ల్యాప్‌టాప్ ఆన్ చేశారు. అదృష్టం, లేచింది. ఆయన వేలు చూపించడం, నేను నొక్కడం. మొదటి డిస్క్ పెట్టమంది. ఆయన చెయ్యి వణుకుతుందని నేనే పెట్టాను. లోపల కీచుమని తిరిగి, బయటికి తోసేసింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తోసింది. తీసి వెనక్కి తిప్పి చూద్దును కదా, మెరిసే వైపు మధ్యలో శుభ్రంగా పసుపు రాసి, కుంకుమ బొట్టు! రెండోదానికీ, మూడోదానికీ కూడా.

"అత్తయ్యగారూ!" అని ఇల్లు అదిరేలా అరిచాను. ఆవిడ జపం చేసుకుంటున్న చోటునుంచి తడుముకుంటూ వచ్చారు.

"ఏంటే ఆ కేకలు?"

"వీటికి బొట్టెవరు పెట్టమన్నారండీ?"

"కొత్త వస్తువు బొట్టు పెట్టకుండా ఎలా వాడతారే? ఎటువైపు మొహమో తెలీక, నున్నగా ఉన్న వైపు పెట్టాను. బీరువాకి పెట్టలేదా, ఫ్రిజ్జుకి పెట్టలేదా? వాటికి పెట్టినప్పుడు లేని గొడవ దీనికెందుకు? ఇది బాగుంటేనేగా నా కొడుకు నాతో మాట్లాడేది."

రాసేది ఆ మెరిసే వైపే. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచాను, కానీ ఆ చివరి మాటకి మూసుకుపోయింది. ఇటు చూస్తే ఆయన భుజాలు కుదుపుతున్నాయి. మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. దగ్గేమోనని బెదిరిపోయాను. నవ్వుతున్నారు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు, చప్పుడు లేకుండా. అలాంటి నవ్వు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుందా? నాకు ఏడుపొచ్చింది.

తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తాం. రెండు పనికొచ్చాయి. మూడోది గీతలు పడి మొరాయించింది. మళ్ళీ పరుగెత్తాను. స్టూడియో ఆయన పెట్టెలన్నీ వెతికి ఒకటి ఇచ్చాడు. ఖాళీదేగానీ, పైన ఎవరిదో పెళ్ళి బొమ్మ అచ్చేసి ఉంది, తలంబ్రాలు పోసుకుంటూ. "ఫొటో వంకర పడిందని పక్కన పెట్టేశానండి" అన్నాడు. ఆ దంపతులు చల్లగా ఉండాలి. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి, అది రాస్తున్నంతసేపూ కరెంటు పోకూడదని దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకున్నాను. పొయ్యిలా కాలిపోతుంటే విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. కరెంటు పోలేదు. అయిపోయిందని తెర మీద వచ్చాక ఆయన నా చెయ్యి పట్టుకుని నొక్కారు.

కంప్యూటర్ ఆయన కొత్త హార్డ్ డిస్క్ వేసి, ఆ మూడూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, ఆదివారం మధ్యాహ్నానికి తెచ్చిచ్చాడు. ఆన్ చేస్తే, పెట్టెలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలా ఉంది. అదే నీలం రంగు బొమ్మ, అదే చప్పుడు. మా సంగతులేవీ దానికి గుర్తు లేవు. జబ్బు లేదు, ఆపరేషన్ లేదు. నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. ఇనప ముక్కకి ఉన్న అదృష్టం మనిషికి లేకపోయిందే అని అసూయ పడ్డాను. అవును, అసూయే.

తెలుగు సాఫ్ట్‌వేర్ ఆయనే ఎక్కించుకున్నారు, వీధి వరండాలో కూర్చుని. నేను పెరట్లో బట్టలు తీస్తుంటే బల్ల మీద టకటకా వినిపించింది. బట్టలు భుజాన వేసుకునే పరుగెత్తుకొచ్చాను. తెర తిప్పారు.

"రేపు కాకినాడ వద్దు."

"ఏంటండీ ఆ మాట?" అన్నాను. "ఇందుకా నేను ఊరంతా కాళ్ళరిగేలా తిరిగింది? నోరొచ్చాక మొదట అనాల్సిన మాట ఇదా? వద్దనుకున్నవారు ఆ రోజు డాక్టరుగారు అడిగితే తల అడ్డంగా ఊపొచ్చుగా?"

నిదానంగా కొట్టారు. "తలూపి చెప్పే మాట కాదు. నీకు విడమరిచి చెప్పాలి. అందుకని ఆగాను."

"చెప్పండి మరి!"

చాలాసేపు కొట్టారు. నేను బట్టలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తిప్పాక చదివాను. "పోయినసారి కరెంటు పెట్టినప్పుడు మంచినీళ్ళు మింగలేకపోయాను. నువ్వు చూశావు. ఈసారి నయం కాదు. కొన్నాళ్ళు పొడిగిస్తారు. ఆ కొన్నాళ్ళూ ఆసుపత్రి బల్ల మీదే గడుస్తాయి. నాకు తక్కువ రోజులు చాలు. పప్పుచారు మింగగలిగే రోజులు కావాలి. ఇక్కడ కావాలి."

"మీకేంటి, మీరు హాయిగా పోతారు. నా సంగతేంటి?" అనేశాను. నోరు జారడం కాదు. నా కడుపులో ఉన్న మాటే అది.

లోపల్నుంచి అత్తయ్యగారు, "ఏమంటున్నాడే?" అని అడిగారు. "ఏం లేదండి, పోట్లాడుకుంటున్నాం" అన్నాను. "పోట్లాడుకోండి, పోట్లాడుకోండి. ఇన్నాళ్ళకి ఇల్లు ఇల్లులా ఉంది" అన్నారావిడ, సంతోషంగా.

ఆయన కొట్టి తిప్పారు. "దానికి నా దగ్గర జవాబు లేదు." ఫుల్‌స్టాప్ ఉంది.

అరిచాను, ఏడ్చాను, నాలుగు రోజులైనా వెళ్ళి చూద్దామని బతిమాలాను. ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా కొట్టి చూపించారు, దీపాలు పెట్టే వేళ దాకా. నా మాటలు అయిపోయాయి. ఆయనవి అవలేదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఎవరో అమ్మాయి, మర్యాదగా మాట్లాడింది. "బయల్దేరారా అండి? మీకు మొదటి టైమే ఇచ్చామండి."

"లేదమ్మా. రావడం లేదు."

"అదేంటండీ, పోయినవారం సరేనన్నారని రాసుంది ఇక్కడ. ఇప్పుడు వద్దని ఎవరు చెప్పారండి?"

ఆయన ఎదురుగా కూర్చుని పప్పుచారు అన్నం మెత్తగా పిసుక్కుంటున్నారు. నావైపు చూడటం లేదు.

"ఆయనే చెప్పారమ్మా" అన్నాను.