మామయ్య పెన్ను, నా బంగారు పాళీ

మా అత్తగారింట్ల నాకు ఇప్పటికీ అగ్గిపెట్టె ఇయ్యరు. దోమలబత్తి ముట్టించాల్నన్నా మా అత్తయ్యే వచ్చి ముట్టించి, అగ్గిపెట్టె కొంగున ముడేసుకొని పోతది. పెద్దల్లుడిననే మర్యాదకు లోటేం లేదు, గారెలు వద్దన్నా వేస్తరు, గాని నిప్పు దగ్గరికి మాత్రం రానియ్యరు. ఎందుకో చెప్తా. మీరు నవ్వుతరని తెలుసు. నవ్వుకోండ్రి, నాకు అలవాటే.

మాది తెలుగు, హిందీ కలిసే సరిహద్దుల ఉన్న భోపాల్‌పట్నం. నేను బడిపంతులును, ఈడ అందరు గురూజీ అంటరు. కొన్నేండ్ల కింద నాకు పాత ఇంకు పెన్నుల పిచ్చి పట్టింది. ఫోన్ల చూసుడు, తెప్పించుకునుడు. మా ఇంట్ల సిగ్నల్ ఉండదు. ఇంద్రావతి నది ఒడ్డున ఒక బండ ఉన్నది, దాని మీద కూర్చుంటే వస్తది, పోతది. బడి ఇడిచినంక ఆ బండ మీదికి చేరేది. కింద నీళ్ళు మెల్లగ పోతుంటయి. ఫోన్ల, ఎవరో ఎప్పుడో రాసి పక్కన పెట్టిన పెన్నుల ఫోటోలు ఒక్కొక్కటే మెల్లగ తేటపడుతుంటయి. పొద్దుగూకిన సంగతి కూడ నాకు తెల్వకపోయేది.

పార్శిల్ వచ్చిన రోజైతే ఇగ అడగొద్దు. ముందుగాల మూత తీసి వాసన చూసేది. ఆ కాలం పెన్నులకు సన్నగ కర్పూరం వాసన ఉంటది. (ఈ మాట కొంచెం యాదిల పెట్టుకోండ్రి, ముందున్నది మొసళ్ళ పండగ.) ఆ వాసనకు కండ్లు వాటంతట అవే మూతపడేవి. ఇది ఎవరి జేబుల తిరిగిందో, ఏ వానల ఏ కిటికీ పక్కన కూర్చొని ఎవరికి ఉత్తరం రాసిందో!

"ఏమండీ, అన్నం వడ్డించి అరగంటైంది. మీరు ఏ ఊళ్ళో ఉన్నారు?" అని నా భార్య సుజాత అడిగేది. తను కిరందుల్ గని కాలనీల పుట్టి పెరిగిన పిల్ల, ఆంధ్ర మాట.

"ఏ ఊరో తెల్వదు. వాన మాత్రం మస్తు పడుతున్నది."

"ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. వచ్చి తినండి."

కొనుడుతోనే ఆగితే నేను నేనెట్లయిత? పాళీలు మార్చుడు కూడ మొదలుపెట్టిన. స్టీలు పాళీ పీకి బంగారు పాళీ పెడితే అక్షరం నెయ్యి మీద జారినట్టు జారుతదని ఎవరో రాసిండ్రు. మూడు పెన్నులను చంపి నాలుగోదాన్ని బతికించిన. బతికినదాన్ని పట్టుకపోయి అత్తగారింట్ల చూపించిన. పెన్నుల డాక్టరే లేని కిరందుల్‌కు నేనే ఆముదపు మహావృక్షం.

మా మామయ్య విజయనగరం దిక్కు నుంచి వచ్చి, ఇనుప గనిల పనిచేసి రిటైరైన మనిషి. నా పెన్నుతోని రెండు గీతలు గీసి చూసిండు. లోపలికి పోయి, తెల్ల చేతిరుమాలుల చుట్టిన ఒక పెన్ను తెచ్చి నా ముందల పెట్టిండు. ముదురాకుపచ్చ రంగు, మీద సన్న చారలు.

"మా నాన్నగారిదండీ. ఆయనా మీలాగే బడిపంతులే. నేను ఈ గని ఉద్యోగానికి బయల్దేరిన రోజు రైలు దగ్గర నా జేబులో పెట్టారు. మీ లగ్నపత్రిక దీంతోనే రాశాను. తర్వాత సిరా ఎండిపోయి మూగబోయింది. మా పద్మ లగ్నపత్రిక కూడా దీంతోనే రాయాలని నా కోరిక. మళ్ళీ పలుకుతుందంటారా?"

పద్మంటే నా మరదలు. సంబంధం ఖాయమైంది, లగ్నపత్రికకు ఇంక ఇరవై రోజులున్నయి.

"పలుకుడేంది మామయ్యా, పాట పాడుతది! ఈ నల్ల పాళీ తీసేసి బంగారుది పెడత."

"అది బంగారమేనని మా నాన్న అనేవారు." అని ఆయనే నవ్విండు. "బతకలేని బడిపంతులికి బంగారు పాళీ ఎక్కడిదండీ? మా అమ్మ మెడలోనే ఉండేది కాదు. ఆయన అన్నప్పుడల్లా మేం పిల్లలం నవ్వేవాళ్ళం. సరే, మార్చండి. కానీ పెన్ను ఇల్లు దాటదు. ఏం చేసినా ఇక్కడే."

మా ఊరికి వచ్చి నా బండ మీదికి చేరిన. పెన్ను లోపల సిరా నిలిచే రబ్బరు సంచి మార్చాలె, దాన్ని లక్కతోని అతికించాలె అని ఫోన్ల ఒకాయన వీడియో పెట్టిండు. లక్క! నాకు నవ్వొచ్చింది. వాళ్ళు చిన్న చిన్న సీసాల పోసి అపురూపంగ వాడుకునే లక్క మా సంతల తట్టల పోసి అమ్ముతరు. పెరటి చెట్టు మందుకు రాదంటరు గాని, పెరటి లక్క పెన్నుకెందుకు రాదు?

వీడియోల ఆయన వేలు లేపి, "చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఏంటంటే..." అన్నడు. సిగ్నల్ పోయింది. తెర మీద గుండ్రం గిర్రున తిరుగుతనే ఉన్నది. తెలివి ఉన్నోడైతే సిగ్నల్ వచ్చేదాంక కూర్చునేటోడు. నేను లేచి లుంగీ దులుపుకొని ఇంటికి పోయిన.

లగ్నపత్రిక రోజు పొద్దుగాల కిరందుల్‌ల దిగినం. బంగారు పాళీ, రబ్బరు సంచి, సంతల కొన్న లక్క అన్నీ నా సంచిల ఉన్నయి. బచేలి నుంచి పెండ్లికొడుకు, వాళ్ళ అమ్మానాన్న వచ్చి ముందటి గదిల కూర్చున్నరు. నేను పూజగదిని ఆపరేషన్ థియేటర్ చేసుకొని తలుపు దగ్గరికేసిన. అక్కడైతే దీపం వెలుగుతున్నది గదా.

పాత పాళీ పీకిన. సిరా గట్టిపడి బొగ్గులెక్క ఉన్నది. పోకుండ ఉండాలని పక్కనున్న తడి పసుపు ముద్దల గుచ్చిన. కొత్త బంగారు పాళీ పెట్టిన, తళతళ మెరిసింది. రబ్బరు సంచి తొడిగిన. అన్నీ కుదిరినయి గాని, పాళీ ఉన్న మెడ భాగం పెన్నుల వదులుగ ఆడుతున్నది. దాన్ని కూడ లక్కతోని బిగిద్దామనుకున్న. వీడియో ఆయన లక్కను స్పిరిట్‌ల నానబెట్టిండు. మా దిక్కు గాజులు చేసేటోళ్ళు లక్కను సెగ మీద కరిగిస్తరు. నేను చిన్నప్పటి సంది చూసింది అదే. అందుకని పెన్ను మెడకు లక్క ముక్క ఆనించి, రెంటినీ దీపం మీదికి పట్టుకున్న.

లక్క మెల్లగ మెత్తబడుతున్నది. పెన్ను వెచ్చబడి కర్పూరం వాసన గుప్పుమన్నది. ఆ వాసన తగిలితే నా సంగతి మీకు తెలిసిందే గదా. కండ్లు మూతపడ్డయి. మామయ్య లగ్నపత్రిక రాస్తున్నడు, అక్షరాలు ఇంద్రావతి నీళ్ళలెక్క పోతున్నయి. "ఈ పెన్ను ఎవరు బాగుచేశారండీ?" అని వియ్యంకుడు అడుగుతున్నడు. "మా పెద్దల్లుడుగారు!" అని మామయ్య...

బుస్సుమన్నది!

కండ్లు తెరిస్తే చేతుల మూరెడు మంట. "అయ్యో!" అని కింద పడేసిన. కింద ఏమున్నదనుకున్నరు? హారతి పళ్ళెం! ఏదో లెక్క చూసి పెట్టినట్టు నడిమధ్యల పడ్డది.

నా కేక విని అత్తయ్య తలుపు తోసింది. పళ్ళెంల మంట, గది నిండ కర్పూరం వాసన, ఎదురుంగ కొయ్యబారి నేను.

"హారతి అప్పుడే ఇచ్చేస్తున్నారా నాయనా! పిలవొద్దూ!" అని గంట అందుకొని గణగణ కొట్టింది. "రండి రండి, హారతి తీసుకోండి!"

అందరు వచ్చిండ్రు. పెండ్లికొడుకు నాన్న కండ్లకద్దుకున్నడు. పెండ్లికొడుకు కూడ అద్దుకున్నడు. వాళ్ళ అమ్మ అయితే రెండుసార్లు.

"ఏం కర్పూరమండీ ఇది! ఇంత ఎత్తు లేస్తోంది. ఎక్కడ దొరుకుతుంది?"

"పాత స్టాకండీ," అన్న. "ఇప్పుడు దొరుకదు."

ఆఖరుకు మామయ్య వచ్చిండు. తన తండ్రి పెన్ను మంటకు తనే రెండు చేతులు చాపి, భక్తిగ కండ్లకద్దుకొని, "పెన్ను సిద్ధమేనా అల్లుడుగారూ?" అన్నడు.

నేను పళ్ళెం దిక్కు చూసిన. మంట అప్పటికే ఆరింది. మసిల క్లిప్పు, చిన్న ఇత్తడి మీట, నా బంగారు పాళీ మిగిలినయి. నా బంగారం నల్లగ మాడి, పైపూత ఊడి, లోపలి ఇనుము పండ్లికిలించింది.

మామయ్య చూసిండు. అర్థమైంది. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డడు. నాకు ఏడుపొచ్చింది. నవ్వుల కథల ఏడుపేందని అడగకుండ్రి, నిజంగనే వచ్చింది.

"ఏమండీ, ఈ పసుపులో ఇదేమిటి?" అన్నది సుజాత.

పాత పాళీ! తను కొంగుతోని తుడిచింది. పసుపు పట్టి సిరా కూడ ఊడొచ్చినట్టుంది, కింద పచ్చగ మెరిసింది. పసుపు రంగేమోనని మళ్ళ తుడిచింది. ఇంకింత మెరిసింది. నేను జేబుల నుంచి భూతద్దం తీసి చూసిన. పాళీ అడుగున చిన్నగ పద్నాలుగు అని అంకె చెక్కి ఉన్నది.

"మామయ్యా, ఇది పద్నాలుగు క్యారెట్ల బంగారం. అసలు బంగారం!"

మామయ్య పాళీని అరచేతుల పెట్టుకొని చానసేపు చూసిండు. "నిజమే చెప్పావా నాన్నా," అన్నడు. "మేం నవ్వేవాళ్ళం."

బంగారాన్ని పీకి ఇనుము పెట్టిన మొనగాడిని నేనే. గాని పీకకపోతే అది కూడ ఆ మంటల ఉండేది. నా తప్పుల ఆ ఒక్క తప్పే ఆ రోజు పనికొచ్చింది.

నాలుగు అగరుబత్తి పుల్లలు కలిపి, వాటి కొసకు పాళీని పసుపు దారంతోని కట్టి మామయ్య చేతికిచ్చింది అత్తయ్య. ఆయన పీట మీద కూర్చొని, పాళీని సిరాల ముంచి, "శ్రీరస్తు శుభమస్తు" అని రాసిండు. అక్షరాలు మస్తు అందంగ వచ్చినయి. వధువు పేరు రాసిండు. వరుడి పేరు దగ్గరికి వచ్చి ఆగిండు. తల ఎత్తి వియ్యంకుడి దిక్కు చూసిండు.

"బావగారూ, రాసేముందు ఒక్క మాట. మీ వాడికి పాత వస్తువులు బాగుచేసే అలవాటేమైనా ఉందాండీ?"

"అబ్బే లేదండీ, బల్బు మార్చడం కూడా రాదు."

"అమ్మయ్య!" అని పేరు రాసేసిండు.

తిరుగు బస్సు గీదం దాటంగ ఫోన్‌కు సిగ్నల్ తగిలింది. బండ మీద సగంల ఆగిన వీడియో తెరిస్తే, ఆగినకాడి నుంచే కదిలింది. "...పాత పెన్నులు నిప్పు తగిలితే కర్పూరంలా మండుతాయి. దీపం దగ్గరికి ఎప్పుడూ తీసుకెళ్ళకండి." సుజాత ఫోన్ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, కిటికీ దిక్కు తిరిగి ఇంటిదాంక నవ్వుతనే ఉన్నది.

అందుకే, ఇంద్రావతి ఒడ్డున నా బండ సాక్షిగ ప్రమాణం చేస్తున్న: బంగారాన్ని పీకి మెరుపును పెట్ట. వీడియో ఆఖరుదాంక చూడకుండ లుంగీ దులుపుకొని లేవ. కర్పూరాన్ని తప్ప కర్పూరం వాసనొచ్చే ఏ వస్తువునూ ముట్టించ. ముట్టించాల్సొస్తే, అగ్గిపెట్టె మా అత్తయ్య కొంగున ఉన్నది, ఆమెనే అడుగుత.